ఆటోగ్రాఫ్ అసలుదేనా? పాత టికెట్టుకు ధర ఉంటుందా?

పాత టికెట్లు, పోస్టర్లు, ఆటోగ్రాఫులు, జెర్సీలు, పతకాలు సేకరించేవాళ్ల ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం. ఫొటో పంపి "దీనికెంత వస్తుంది?" అని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఫొటో చూసి ధర చెప్పడం కుదరదు. ఎందుకో జెర్సీ గురించిన జవాబులో రాశాం.

ప్రశ్న: సినిమాలన్నా క్రికెట్ అన్నా నాకు ప్రాణం. సరదాగా సేకరణ మొదలుపెట్టి, మెల్లగా దాని మీదే నాలుగు రాళ్లు సంపాదించాలని ఉంది. దేంతో మొదలుపెట్టమంటారు?

జవాబు: "క్రికెట్" అనుకుని మొదలుపెడితే ఇల్లు నిండుతుంది కానీ సేకరణ తయారవదు. ఒక చిన్న గీత గీసుకోండి. ఉదాహరణకు పురుషుల వన్డే ప్రపంచకప్ ఫైనళ్ల టికెట్లు. 1975, 1979, 1983 ఫైనళ్లు మూడూ లార్డ్స్‌లోనే జరిగాయి, 1987ది కోల్‌కతాలో, 1992ది మెల్‌బోర్న్‌లో. జాబితా ఇంత స్పష్టంగా ఉంటే ఏది దొరికింది, ఏది దొరకాలి, ఏ స్టాండు టికెట్టు ఏ రంగులో అచ్చయింది అన్నవి ఏడాది తిరిగేసరికి కొట్టినపిండి అవుతాయి. అమ్మేవాడికి తెలియనిది కొనేవాడికి తెలియడంలోనే ఈ వ్యాపారంలో లాభం ఉంది.

మొదటి మూడు నెలలు ఏమీ కొనకండి. వేలం సంస్థలు తాము అమ్మిన వస్తువుల ధరలు ప్రకటిస్తుంటాయి. అవి రాసుకోండి. అమ్మకానికి పెట్టినవాడు అడుగుతున్న ధరలు రాసుకోకండి, అడగడానికి ఎంతైనా అడగొచ్చు.

ఇక డబ్బు లెక్క. చాలామంది కొన్న ధర, అమ్మిన ధర మాత్రమే చూసి లాభం వచ్చిందనుకుంటారు. వేలంలో 600 పాట పాడి ఒక వస్తువు కొన్నారనుకుందాం. కొనేవాళ్ల నుంచి సంస్థ 25 శాతం రుసుము తీసుకుంటే మీ చేతి నుంచి పోయేది 750. తర్వాత అదే వస్తువు 1,000కి అమ్ముడైంది. అమ్మకం కమిషన్ 15 శాతం అంటే 150, పరీక్షకూ ధ్రువపత్రానికీ 100, బీమాతో పార్సిల్ 60 పోతే మీకు మిగిలేది 690. వెయ్యికి అమ్మి కూడా 60 నష్టపోయారు. అందుకే లెక్క వెనక నుంచి కట్టుకోవాలి. 690లో మీకు 100 లాభం కావాలంటే కొనడానికి పెట్టగలిగింది 590. దాన్ని 1.25తో భాగిస్తే 472. పాట అక్కడ ఆపేయాలి. పక్కవాడి మీద పంతంతో 480 అన్నారంటే ఆ డబ్బు లాభంలోంచే పోతుంది. పన్ను సంగతి దీనికి అదనం.

నిజానికి ఈ వ్యాపకంలో నిలదొక్కుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పని ఒకటుంది. ఎవరిదైనా సేకరణ మొత్తం గుత్తగా కొంటారు, తమ జాబితాలో ఇంకా దొరకనివి ఉంచుకుంటారు, మిగతావి విడివిడిగా అమ్మి పెట్టుబడి రాబట్టుకుంటారు. దీనికి ఓపికే కాదు, చోటు కూడా కావాలి. నెలనెలా జీతంలా వచ్చే ఆదాయం మాత్రం కాదిది. ఇంటి ఖర్చుకు కావలసిన డబ్బు ఇందులో పెట్టకండి.

ప్రశ్న: ఒక నటుడి సంతకమున్న పాత ఫొటో అమ్మకానికి వచ్చింది. ధ్రువపత్రం కూడా ఇస్తామంటున్నారు. అసలుదో నకిలీదో ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?

జవాబు: అసలుదని తేల్చడం కష్టం. నకిలీదని తేల్చడం చాలాసార్లు సులువు. ముందు ఆ రెండోది చేయండి.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, ఒక టార్చి చాలు. టార్చిని కాగితానికి పక్కనుంచి, వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. సంతకం గీత చిన్న చిన్న రంగు చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది ఫొటోతో పాటు అచ్చయిన సంతకం. బాల్‌పెన్నుతో పెట్టిందైతే కాగితం మీద సన్నని గాడి పడాలి. సిరా ఫొటో మెరుపు పైన కూర్చుని ఉండాలి. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట సిరా చిక్కబడి ఉండాలి. రబ్బరు స్టాంపు వేసిందైతే సిరా అంచులకు చేరి, గీత మధ్యభాగం పలచగా కనిపిస్తుంది.

తర్వాత కాలం లెక్క. బాల్‌పెన్ను బజారులో విరివిగా అమ్మకానికి వచ్చింది 1945లో. ఫెల్ట్ మార్కర్లు విరివిగా వాడకంలోకొచ్చింది 1960లలో. 1938లో పెట్టిన సంతకమని చెప్పి బాల్‌పెన్ను గీత చూపిస్తే ఇక మాట్లాడుకోవలసింది లేదు. కాగితానికి కూడా వయసు పరీక్ష ఉంది. తెల్లగా మెరవడానికి కాగితంలో కలిపే రసాయనాలు దాదాపు 1950 తర్వాతే వాడుకలోకి వచ్చాయి. చీకటి గదిలో 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. 1920ల నాటిదన్న కాగితం అలా వెలిగితే అనుమానించండి. వెలగనంత మాత్రాన పాతదని మురిసిపోకండి, ఆ రసాయనం కలపని కాగితాలు ఇప్పటికీ తయారవుతున్నాయి.

మూడోది చేతి వేగం. వేల సంతకాలు పెట్టినవాడి కలం కాగితం మీద దిగకముందే కదులుతూ ఉంటుంది, అందుకే మొదలూ చివరా సన్నగా, తోకలా ఉంటాయి. చూసి గీసేవాడు ఆగి ఆగి గీస్తాడు. మొదట్లో చుక్క, మధ్యలో వణుకు, కలం ఎత్తిన చోట అతుకు కనిపిస్తాయి. ఆటోపెన్ అనే యంత్రం పెట్టే సంతకాలది మరో తీరు. ఒత్తిడి అంతటా ఒకేలా ఉంటుంది, మొదట్లో, చివర్లో గట్టి చుక్క పడుతుంది. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చుగుద్దినట్టు సరిపోయాయంటే ఆ మనిషి చెయ్యి దాన్ని తాకలేదన్నమాటే. పోల్చడానికి అదే కాలానికి చెందిన పది నమూనాలైనా దగ్గర పెట్టుకోండి. కొత్త నటుడిగా ఉన్నప్పటి సంతకం, పేరొచ్చాక జనం మధ్య హడావిడిగా పెట్టినది ఒకేలా ఉండవు. అభిమానుల ఉత్తరాలకు జవాబుగా వెళ్లిన ఫొటోల మీద కార్యదర్శులు సంతకాలు చేసిన సందర్భాలు లెక్కలేనన్ని. అవి పాతవే, సిరా కూడా అసలుదే, చెయ్యి మాత్రం వేరు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

ధ్రువపత్రం అన్నారు. దాన్ని ఎవరిచ్చారో చూడండి. అమ్మేవాడే అచ్చువేసుకున్న పత్రం అతని నోటిమాటతో సమానం. 1990ల చివర్లో అమెరికాలో ఎఫ్‌బీఐ "ఆపరేషన్ బుల్‌పెన్" పేరుతో ఒక నకిలీ ముఠాను పట్టుకుంది. వాళ్ల సరుకుకు కూడా ధ్రువపత్రాలు ఉండేవి. ఆ దాడుల్లో దొరికినవాటిలో మదర్ థెరిసా పేరుతో సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. ఆవిడ బేస్‌బాల్ బంతి మీద ఎందుకు సంతకం పెడతారని కొనేవాళ్లకు తట్టకపోవడమే విడ్డూరం. సంతకం ఎంత బాగా కుదిరినా, ఆ మనిషికీ ఆ వస్తువుకీ ఏమిటి సంబంధం అని ఒక్కసారి మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

ప్రశ్న: ఒక ఫుట్‌బాల్ ఆటగాడి జెర్సీ నా దగ్గర ఉంది. మ్యాచ్‌లో వేసుకున్నదేనని ఇచ్చిన బంధువు చెబుతున్నారు. కొనేవాళ్లు నమ్మడం లేదు. ఏం చేయాలి?

జవాబు: దుకాణంలో దొరికే జెర్సీ, డ్రెస్సింగ్ రూంలో ఇచ్చినా ఆటగాడు తొడగని జెర్సీ, ఆటలో తొడిగిన జెర్సీ చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు. ధరలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఆ తేడా అంతా రుజువుదే. ఫొటో చూసి ధర చెప్పలేమన్నది అందుకే.

1986 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద మారడోనా వేసుకున్న జెర్సీ సంగతే చూడండి. మ్యాచ్ అయ్యాక ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ దాన్ని మార్చుకున్నాడు. 2022లో సోథబీస్ అనే వేలం సంస్థ దాన్ని వేలానికి పెడితే, అది మొదటి సగంలో తొడిగినదనీ, గోల్స్ కొట్టిన రెండో సగంలోది వేరనీ మారడోనా కుటుంబం అభ్యంతరం చెప్పింది. అప్పుడు పనికొచ్చింది మ్యాచ్ నాటి ఫొటోలతో పోలిక. జెర్సీ మీది బ్యాడ్జి, చారలు, అంకెలు ఫొటోలతో సరిపోయాయని తేల్చి అమ్మారు. దాదాపు 71 లక్షల పౌండ్లు పలికింది.

మీరు కూడా అదే పద్ధతిలో మొదలుపెట్టండి. ఆ మ్యాచ్ ఫొటోలు వీలైనంత పెద్ద సైజువి సంపాదించండి. జట్టు మొత్తానికి ఒకేలా ఉండే గుర్తులు ఎందుకూ పనికిరావు. ఆ ఒక్క జెర్సీకే ఉన్నవి వెతకాలి. కుట్టు దగ్గర చారలు ఎన్ని మిల్లీమీటర్లు తప్పాయి, అంకె అంచు ఏ చార మీద పడింది, బ్యాడ్జి ఎంత వంకరగా అతికారు, రఫూ చేసిన చోటు ఎక్కడుంది అన్నవి. ఇలాంటివి రెండు మూడు కలిస్తే బలమైన ఆధారం, ఒక్కటి తప్పినా వేరే జెర్సీ కిందే లెక్క. మరకలుంటే ఉతకకండి, ఇస్త్రీ చేయకండి. గడ్డి మరక మీకు మురికిలా కనిపించవచ్చు, కొనేవాడికి అది సాక్ష్యం.

ఫొటోలు దొరకకపోతే బంధువు చేత ఇప్పుడే ఉత్తరం రాయించండి. ఎవరి దగ్గర్నుంచి, ఏ తేదీన, ఎక్కడ, ఏ సందర్భంలో అందింది, అప్పట్నుంచి ఎవరి దగ్గరుంది, వస్తువు మీది ప్రత్యేక గుర్తులేమిటి అన్నవి అందులో ఉండాలి. కింద సంతకం, తేదీ. ఆయన జెర్సీ పట్టుకుని ఉన్న ఫొటో ఒకటి జతచేయండి. "మా కుటుంబంలో ఎప్పట్నుంచో ఉంది" అనే ఒక్క వాక్యం ఉత్తరాన్ని ఎవరూ లెక్కచేయరు. కొత్తగా ఏది కొన్నా రసీదు, కవరు, అమ్మినవాడితో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, వేలం కేటలాగు పేజీ అదే రోజు ఒక ఫైల్లో పెట్టండి. వస్తువుకు ఒక నంబరు, ఫైలుకు అదే నంబరు. పదేళ్ల తర్వాత వెతికితే ఇవి దొరకవు.

ప్రశ్న: నాన్నగారు దాచిన సినిమా పోస్టర్లు, టికెట్లు, పాటల పుస్తకాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పసుపెక్కాయి, అక్కడక్కడ పురుగు కొట్టింది. ఎలా కాపాడుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు పెట్టెలోని కలరా ఉండలు తీసి పారేయండి. వాటి వాసన కాగితంలో ఇంకితే పోదు, కొన్ని ప్లాస్టిక్కుల్ని అవి మెత్తబరుస్తాయి కూడా. తర్వాత రబ్బరుబ్యాండ్లు, గుండుసూదులు, క్లిప్పులు, మధ్యలో చుట్టిన న్యూస్‌పేపరు తీసేయండి. పసుపెక్కడానికి కారణం చౌక కాగితంలో మిగిలిపోయే లిగ్నిన్ (కలపలో ఉండే పదార్థం), ఆమ్లం. పక్కనున్న న్యూస్‌పేపరు ఆమ్లం మంచి కాగితానికి కూడా అంటుకుంటుంది. పుస్తకాలకు మొదట్నుంచీ ఉన్న పిన్నులు మాత్రం తుప్పు పట్టనంతవరకు పీకకండి, అవి ఆ పుస్తకంలో భాగమే.

చుట్టి ఉన్న పోస్టర్లు పొడిబారి ఉంటాయి. బలవంతంగా విప్పితే మడతల దగ్గర పెళుసుగా విరుగుతాయి. మరీ పొడిగా లేని గదిలో ఒకట్రెండు రోజులు వదిలేసి, కొంచెం కొంచెంగా విప్పుతూ అంచుల మీద బరువులు పెట్టండి. చిరుగులకు సెల్లోటేపు వద్దు. దాని జిగురు ఏళ్లు గడిచేకొద్దీ కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకగా మిగులుతుంది, టేపు ఊడిపోయినా మరక పోదు. సరైన అతుకు అంటే పలచటి జపనీస్ కాగితం, గోధుమ పిండి జిగురు, అదీ వెనకవైపు. చెయ్యి తిరగనివాళ్లు విలువైన పోస్టరు మీద ప్రయోగం చేయకుండా నిపుణుడికివ్వడం మంచిది.

పురుగు ఉన్న కాగితాల్ని గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి తీసేసి మూతివేసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలుంచండి. మామూలు ఫ్రిజ్ పైఅర అంత చల్లబడకపోవచ్చు, థర్మామీటరు పెట్టి చూడండి. బయటకు తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద చెమ్మ పడుతుంది.

దాచే కవర్లు పాలియెస్టరువో పాలీప్రొపిలీన్‌వో తీసుకోండి. పీవీసీ కవరైతే విప్పగానే గుప్పున ప్లాస్టిక్ వాసన కొడుతుంది, చేతికి అంటుకున్నట్టుంటుంది. కాలక్రమేణా దానిలోంచి జిడ్డు ఊరి, అచ్చు రంగు కవరుకే పట్టేస్తుంది. రంగు పొడిపొడిగా రాలుతున్న వస్తువులకు పాలియెస్టరు కూడా వద్దు. దానికున్న స్థిరవిద్యుత్తు ఆ రంగును లాగేస్తుంది. అట్టలు, పెట్టెలు ఆమ్లరహితమైనవి కావాలి. తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది, 65 దాటితే బూజు ఖాయం. తేమ చూపే చిన్న మీటరు ఒకటి పెట్టెలోనే ఉంచండి. పెట్టెను బయటి గోడకు ఆనించకుండా, నేలకు జానెడు ఎత్తున పెట్టండి. అటక మీద మాత్రం వద్దు, పగలు వేడి, రాత్రి చలి కాగితాన్ని పీల్చి పిప్పి చేస్తాయి.

గోడకు పెట్టాలనిపిస్తే నకలు పెట్టి అసలుది పెట్టెలో ఉంచండి. అల్ట్రావయొలెట్‌ను ఆపే అద్దం వేసినా మామూలు వెలుతురుకు కూడా రంగు వెలుస్తుంది, వెలిసింది తిరిగి రాదు. మార్కర్ సంతకాలకు ఈ బెడద మరీ ఎక్కువ.

ఈ కాలపు టికెట్ల గురించి కూడా ఒక మాట. చాలా టికెట్లు సిరాతో కాకుండా వేడితో అక్షరాలు పడే థర్మల్ కాగితం మీద వస్తున్నాయి. పీవీసీ కవరులో పెడితే కొన్నేళ్లకు తెల్లకాగితం మిగులుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ తగిలినా, ఎక్కువ వేడి తగిలినా కాగితం నల్లబడి అక్షరాలు కనిపించకుండా పోవచ్చు. కొన్న రోజే స్కాన్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: పాడవకూడదని ఒక పాత పోస్టరు లామినేషన్ చేయించాను. తీయించవచ్చా?

జవాబు: వేడితో చేసినదైతే జిగురు కాగితంలోకి కరిగిపోయి ఉంటుంది. లాగితే అచ్చు ఊడొస్తుంది. అలాగే ఉంచుకోండి. అమ్మకం ధర మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: పతకాలు, నాణేలు నల్లబడ్డాయి. పాలిష్ చేసి అమ్మితే మంచి ధర వస్తుందా?

జవాబు: తగ్గుతుంది. పాలిష్ అంటే పైపొరను గీకేయడమే. భూతద్దం కింద సన్నని గీతలు ఒకే దిశలో కనిపిస్తాయి, తెలిసినవాడు చూడగానే పక్కన పెట్టేస్తాడు. సహజంగా పట్టిన నలుపుకు విలువ ఉంది. ఒక్క మినహాయింపు, పీవీసీ కవరులో ఉండి ఆకుపచ్చ జిడ్డు పట్టిన నాణెం. దాన్ని స్వచ్ఛమైన అసిటోన్‌లో కొన్ని నిమిషాలు ముంచి, రుద్దకుండా, కొత్త అసిటోన్‌లో మరోసారి ముంచి తీసి ఆరనివ్వండి. గోళ్లరంగు తుడిచే ద్రవంలో వేరేవి కలిసి ఉంటాయి, అది వాడొద్దు. కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు. రంగు ఎనామిల్ పూసిన పతకాలకూ, రిబ్బన్లకూ ఈ పని పనికిరాదు.

ప్రశ్న: కంపెనీలు "పరిమిత సంఖ్య" అని ప్రత్యేక కార్డులు, బొమ్మలు విడుదల చేస్తున్నాయి. పెట్టుబడిగా కొనొచ్చా?

జవాబు: నచ్చితే కొనండి, పెట్టుబడి అనుకోకండి. దాచుకోవడానికే తయారైన వస్తువును అందరూ దాస్తారు. పాత టికెట్టుకు విలువ వచ్చింది నూటికి తొంభైమంది దాన్ని చింపి పారేయడం వల్ల. అమెరికాలో 1980ల చివర్నుంచి 1990ల మొదటి వరకు ఆటగాళ్ల బొమ్మలుండే బేస్‌బాల్ కార్డులు విపరీతంగా అచ్చువేశారు. రేపు ధర పెరుగుతుందని జనం పెట్టెలకు పెట్టెలు దాచారు. ఆ కార్డుల్లో చాలావాటికి ఇప్పటికీ గిరాకీ లేదు, ఆ కాలానికి "జంక్ వ్యాక్స్" (కార్డులు వచ్చిన మైనపు కాగితం పొట్లాలు చెత్తతో సమానమని) అని పేరే పడింది.

ప్రశ్న: కార్డులకు గ్రేడింగ్ చేయించడం ఖర్చుకు తగ్గ పనేనా?

జవాబు: అన్నింటికీ కాదు. గ్రేడింగ్ సంస్థలు మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ మధ్యలో పడిందా లేదా చూసి పదికి మార్కులేసి, మూసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇస్తాయి. మీ కార్డుకు 8 వస్తుందనుకుని లెక్కేయండి, 10 అనుకుని కాదు. 8 వచ్చిన కార్డు ధరలోంచి విడి కార్డు ధర తీసేస్తే మిగిలేది గ్రేడింగ్, పోస్టేజీ ఖర్చుకు రెట్టింపైనా లేకపోతే పంపకండి. మూల నలిగిందని అంచు కత్తిరిస్తే సంస్థ కొలిచి పట్టుకుంటుంది, ఆ కార్డుకు మార్కులే వేయరు. గ్రేడ్ చేసిన కార్డు కొనేటప్పుడు డబ్బా మీది నంబరును సంస్థ వివరాలతో సరిచూసుకోండి. డబ్బాలకు కూడా నకిలీలున్నాయి. నంబరు సరిపోయినా, వాళ్ల దగ్గరున్న ఫొటోలోని కార్డు, మీ చేతిలోని కార్డు ఒకటేనా అని చూడాలి.

ప్రశ్న: పార్సిల్‌లో పోస్టరు నలిగిందని కొన్నతను డబ్బు వెనక్కి అడిగాడు. ప్యాకింగ్ ఎలా చేయాలి?

జవాబు: చాలామంది గొట్టం సన్నగా ఉన్నది వాడతారు, పోస్టరు బిగుసుకుపోయి లాగేటప్పుడు అంచు చిరుగుతుంది. గొట్టం వ్యాసం 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉండాలి, గోడ చేత్తో నొక్కితే వంగకూడదు. పోస్టరును ఆమ్లరహిత కాగితంతో కలిపి వదులుగా చుట్టి, చుట్టను పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. గొట్టం పోస్టరు కన్నా రెండు వైపులా నాలుగేసి సెంటీమీటర్లు పొడవుండాలి, ఆ ఖాళీలో నలిపిన కాగితం కూరాలి. మూతలకు మాత్రమే టేపు వేయండి, పోస్టరుకు ఎక్కడా టేపు తగలకూడదు. చిన్నవాటిని రెండు గట్టి అట్టల మధ్య పెట్టండి, ఒక అట్ట లోపలి ముడతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉంటే వంగవు. మూటగట్టే ముందు నాలుగు మూలలూ, వెనకవైపూ ఫొటోలు తీసి, వాటిని కొనేవాళ్లకు ముందే పంపండి. బీమా అమ్మిన మొత్తానికి చేయించండి, మీరు కొన్న ధరకు కాదు.